హైడ్రోఫోన్ గొట్టం, యూసుఫ్ భాయ్ చేతి మెరుపు

2023 మార్చిలో బహదూర్‌పురాలోని మా వర్క్‌షాప్‌కు ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి చిన్న ఆర్డర్ వచ్చింది. మాది లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషన్లు నాలుగున్న షెడ్డు. డ్రాయింగ్ చదివి కొలతలు తేల్చడం, తయారైన ముక్కను తనిఖీ చేయడం నా పని. నేను చదివింది పదో తరగతి. ఆపై లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను.

ఆర్డర్‌లో అడిగింది రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాలు, వాటికి మూతలు. లోపల హైడ్రోఫోన్‌కు సంబంధించిన ఎలక్ట్రానిక్స్ పెడతారు. హైడ్రోఫోన్ అంటే నీటి కింద చప్పుళ్లను వినే మైకు. జలాంతర్గామిని దాని చప్పుడుతో గుర్తుపట్టడం మీద ఆ సంస్థలో పరిశోధన సాగుతోంది. దాన్ని నడిపేది కవిత మేడం. మేలో విశాఖ నుంచి బయలుదేరే నౌకలో ఆమె పరికరానికి చోటు దొరికింది. అది తప్పితే వానలు తగ్గేదాకా సముద్రంలో పరీక్ష ఉండదు. ప్రాజెక్టు గడువేమో అంతకన్నా ముందే ముగుస్తుంది.

నీటిలో ప్రతి పది మీటర్ల లోతుకూ చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో బరువు పెరుగుతుంది. మా గొట్టాలు దిగాల్సిన రెండు వందల మీటర్ల దగ్గర అది ఇరవై కిలోలు. పన్నెండు సెంటీమీటర్ల వెడల్పున్న మా మూత మీద రెండు టన్నుల పైమాటే. అంత ఒత్తిడిలోనూ నీటిని ఆపాల్సింది మూత చుట్టూ ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు ఉంగరం. అది గొట్టం లోపలి గోడకు నొక్కుకుని కూర్చుంటుంది.

గొట్టాలు చేసినది లేత్ నడిపే మా పెద్ద టర్నర్ యూసుఫ్ భాయ్. కొలతలన్నీ హద్దులోనే వచ్చాయి. సంస్థలో నీటి తొట్టెలో పెట్టి, ముప్పై కిలోల ఒత్తిడి ఇచ్చి చూశారు. తెరిస్తే లోపల చెంచాడు నీళ్లు. ఓ-రింగ్ మార్చినా అంతే. రెండో గొట్టమూ అంతే.

మర్నాడు కవిత మేడం గొట్టాలతో మా షెడ్డుకే వచ్చారు.

“కొలతలన్నీ బరాబర్ ఉన్నయంటిరి సత్తయ్య గారూ. మరి నీళ్లెట్ల పోయినయి?”

నేను జవాబు చెప్పేలోపే యూసుఫ్ భాయ్ అందుకున్నాడు. “గొట్టానికి గ్యారంటీ నాది మేడం. నఖరాలు చేసేది మీ రబ్బరే. లోపట చూడండి, అద్దం లెక్క ఉన్నది. ముఖం చూసుకోవచ్చు.”

ఆమె టార్చి వేసి, భూతద్దం పెట్టి చూశారు. “చూసుకున్న భాయ్. ముఖం నిండ గీతలున్నయి. గివి నిలువుగ ఎందుకున్నయి?”

భూతద్దం తీసుకుని యూసుఫ్ భాయ్ చాలాసేపు చూశాడు. “అరే... గది నా ఎమరీ కాయితమే.”

లేత్ మీద గొట్టం తిరుగుతుంటే పడే గీతలు గుండ్రంగా, ఉంగరాల్లా ఉంటాయి. నీరు వాటిని దాటాలంటే ప్రతిదాంట్లో దిగబడిన రబ్బరును దాటాలి. కానీ మా దగ్గర ఒక అలవాటు ఉంది. ముక్కను లేత్ మీంచి దించాక, కర్రకు ఎమరీ అనే గరుకు కాగితం చుట్టి, చేత్తో లోపలికీ బయటికీ తోసి మెరుగు పెడతాం. మాకు ఎప్పుడూ పని ఇచ్చే నీటి పంపుల తయారీవాళ్లు వేలు పెట్టి చూసేది ఆ నునుపునే. యూసుఫ్ భాయ్ పెట్టిన మెరుగు అంటే బజారులో పేరు. ఆ నిలువు గీతలే రబ్బరు కింద నుంచి నీటికి కాలువలయ్యాయి.

“ముప్పై ఏండ్ల సంది గిట్లనే చేస్తున్న. ఒక్కడన్న అన్నడా?” అన్నాడు యూసుఫ్ భాయ్.

“వాళ్లెవరూ రెండు వందల మీటర్లు మునగలే కద భాయ్,” అన్నాను.

కవిత మేడం నవ్వారు. “మా డ్రాయింగ్‌ల కూడ నునుపు ఎంతుండాల్నో రాసినం గని, గీతలు ఎటుండాల్నో రాయలే.”

కొత్త స్టీలు తెప్పించే వ్యవధి లేదు. ఉన్న గొట్టాల్లోనే గీతలు పోగొట్టాలి. లోపలి వెడల్పు పెరిగితే రబ్బరు వదులవుతుంది. మళ్లీ కొలిచాను. పై హద్దుకు ఇంకా పదిహేను మైక్రాన్లు మిగిలాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గీతల లోతు రెండు వైపులా కలిపినా అందులో సగమే. చేయవచ్చని చెప్పాను.

యూసుఫ్ భాయ్ గొట్టాన్ని మళ్లీ లేత్‌కు బిగించి, తిరుగుతుండగానే ఎమరీ పట్టాడు. కొంచెం తీయడం, ఆపడం, నేను కొలవడం. ఎనిమిది మైక్రాన్ల దగ్గర నిలువు గీతలు పోయాయి. దించాక అలవాటుగా అతని చెయ్యి కర్ర మీదికి పోయింది.

“భాయ్!” అన్నాను.

“పట్టుకోలే, ఊకె చూస్తున్న,” అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండో గొట్టమూ అలాగే చేశాడు.

గొట్టాల లోపల మెరుపు లేదు, సన్నని ఉంగరాల మసక మాత్రమే ఉంది. వాటిని అప్పగిస్తూ యూసుఫ్ భాయ్ అన్నాడు, “మేడం, ఒక్క మాట. గివి నేను చేసిన్నని ఎవలకూ చెప్పకండి. గిట్ల మసకగ ఇచ్చిన్నంటే పరువు పోతది.”

ముప్పై కిలోల ఒత్తిడిలో ఒక పూటంతా ఉంచారు. గొట్టాల్లో పెట్టిన టిష్యూ కాగితం పొడిగా బయటికొచ్చింది. పరికరం ఆ మేలోనే నౌక ఎక్కింది. అది సముద్రంలో ఏం విన్నదో మాకు చెప్పరు, మేమూ అడగలేదు.

కొలత హద్దులో ఉంటే తనిఖీ పూర్తయిందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఇప్పుడు పని మొదలుపెట్టే ముందే టర్నర్‌ను ఒక ప్రశ్న అడుగుతాను: మిషన్ ఆగాక దీన్ని ఏం చేస్తావు? డ్రాయింగ్‌లో ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే, దాన్ని పంపినవాళ్లకు ఫోన్ చేస్తాను.