సన్యాసానికి సాక్ష్యం

నన్ను కన్నాయన నా మూడో ఏట, యూరియా బస్తా తెస్తానని సైకిలెక్కి వెళ్ళాడు. పైరు పండింది, కోతలయ్యాయి. ఆయనా రాలేదు, బస్తా రాలేదు. కొన్నాళ్ళకు ఎవరో వచ్చి, మాచర్ల అవతల కాషాయం కట్టుకుని తిరుగుతుంటే చూశామని చెప్పారు. మా అమ్మ ఏడవలేదు. సన్యాసికి సైకిలెందుకు, అదన్నా ఇంటికి పంపమనండి అందట.

సైకిలు కూడా రాలేదు. పెద్దమనుషులు కూర్చుని తెగదెంపులు చేశారు. నాకు పదేళ్ళప్పుడు అమ్మ గురజాలలో ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కును మారుమనువు చేసుకుంది. ఈయన గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఈయనే ఏమీ చెప్పడు. ఇంజను ముందు కూర్చుంటే దాన్ని బుజ్జగిస్తాడు, బతిమాలతాడు, తిడతాడు. మనుషుల ముందు మాత్రం మూగనోము. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిరోజులు ఆసుపత్రిలో మంచం పక్కనే కూర్చుని, మొత్తమ్మీద నాలుగు మాటలు మాట్లాడాడు. అందులో రెండు కాంపౌండరుతో.

తొమ్మిదో తరగతి చివర్లో మా హెడ్మాస్టరు, పదో తరగతి సర్టిఫికెట్లో పడిన పేరు చచ్చేదాకా మారదని, ఇంటిపేర్లూ తండ్రి పేర్లూ ఇప్పుడే సరిచూసుకోమని చెప్పాడు. రిజిస్టర్లో నా పేరు ముందు ఆ యూరియా మనిషి ఇంటిపేరు ఠీవిగా కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి, ఆ ఇంటిపేరు నాకొద్దు, ఈయన ఇంటిపేరే కావాలని అమ్మతో పోట్లాట పెట్టుకున్నాను. ఈయన పక్కనే అన్నం తింటున్నాడు. లేచి చెయ్యి కడుక్కుని, కాయితాలేం కావాలో కనుక్కుంటానన్నాడు. ఆ రోజు పెరుగు కూడా వేసుకోకుండా లేచాడని అమ్మ తర్వాత చెప్పింది.

దస్తావేజులు రాసే ఆయన చట్టం విప్పి చెప్పాడు. ఈయన ఇంటిపేరు రావాలంటే ఈయన నన్ను దత్తత తీసుకోవాలి. దత్తత ఇవ్వాలంటే కన్నతండ్రే ఇవ్వాలి. ఆయన నిజంగా సన్యాసం పుచ్చుకుని ఉంటే మాత్రం తల్లి ఒక్కతే ఇవ్వచ్చు. ఏదైనా పిల్లకు పదిహేను నిండకముందే జరగాలి. నాకు పదిహేను నిండడానికి నెలన్నర ఉంది. అంటే ఈలోగా మా వాడు అసలు సన్యాసో దొంగ సన్యాసో తేల్చాలి. ఏ కూతురూ మొక్కని మొక్కు నేను మొక్కాను. దేవుడా, మా నాన్న ఇంటికి పనికిరాకుండా పోయి ఉండాలి.

ఆయన ఎత్తిపోతల జలపాతం దగ్గర ఉంటున్నాడని వాకబు చేసి, నేనూ ఈయనా రాసే ఆయనా ముగ్గురం బస్సెక్కాం. రాసే ఆయన సాక్ష్యానికి వస్తున్నానన్నాడు గానీ, ఎత్తిపోతల ఇంతవరకు చూడలేదని దారిలో ఒప్పుకున్నాడు. పుణ్యమూ పురుషార్థమూ రెండూ కలిసొచ్చాయి.

జలపాతానికి ఎగువన ఒక పాక, పాక ముందు ఆయన. గడ్డం సరే, కాషాయం సరే. లోకాన్ని వదిలేసిన మనిషికి అంత బొజ్జ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వారం రోజులుగా తిట్లు కూర్చుకుని కంఠస్థం చేసి ఉన్నాను. నేను నోరు తెరిచేలోగా ఆయన ఆకులో పులిహోర పెట్టి చేతికిచ్చాడు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. తిన్నాను. బాగుంది. మళ్ళీ పెట్టించుకుని కూడా తిన్నాను.

నేను తింటుంటే ఆయన ముచ్చటగా చూసి, ఈయన్ని అడిగాడు.

"మీ అమ్మాయా నాయనా?"

రాసే ఆయన తలొంచుకున్నాడు. ఈయనకు మాత్రం అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప వేరే విద్య రాదు.

"ఇంకా కాలేదు స్వామీ. తమరు సంతకం పెడితే అవుద్ది."

అప్పుడు కాయితం చూపించి విషయం చెప్పారు. ఆయన చదివాడు, నన్ను ఒకసారి చూశాడు, మళ్ళీ కాయితమే చూశాడు. ఆ పేరుగలవాడు ఎప్పుడో పోయాడని, పోయినవాడి సంతకం తాను పెట్టకూడదని చెప్పి కాయితం తిరిగి ఇచ్చేశాడు. రాసే ఆయన ఎగిరి గంతేసినంత పనిచేశాడు. పాత పేరే వద్దన్నాడంటే ఇంతకంటే గట్టి సన్యాసం ఏముంటుందని, ఆ మాటే రాసుకుని, దర్శనానికి వచ్చిన ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించాడు. జలపాతంలో ఆ రోజు నీళ్ళు పెద్దగా లేవు. నేను బస్సులో మాచర్ల దాకా ఏడ్చాను. గుర్తుపట్టనందుకు కొంత, ఆ పులిహోర రెండోసారి అడిగినందుకు కొంత.

మరుసటి వారం మా ఇంట్లోనే దత్తత. ఇచ్చేదెవరని పురోహితుడు అడిగితే అమ్మ చెయ్యెత్తింది. పుచ్చుకునే దంపతులెవరంటే ఈయనతోపాటు మళ్ళీ అమ్మే చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ళ పౌరోహిత్యంలో ఇలాంటి చిక్కు తగల్లేదని ఆయన పంచాంగం మూసేశాడు. ఈయన తల్లి, అంటే మా నాయనమ్మ, తేల్చేసింది. అటు కూర్చుని ఇవ్వమను, లేచి ఇటొచ్చి పుచ్చుకోమను, ఇంతోటిదానికి శాస్త్రమెందుకంది. అమ్మ నన్ను ఇచ్చేసింది. హోమం చుట్టూ నడిచొచ్చి ఈయన పక్కన కూర్చుని, పుచ్చుకుంది.

ఇక బిడ్డను తండ్రి ఒడిలో కూర్చోబెట్టమన్నారు. అది ఉయ్యాల్లో పిల్లల కోసం పెట్టిన ఆచారం. నేను గడకర్రలా ఎదిగిన పిల్లని, ఈయన చూస్తే బక్కపలచటి మనిషి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళి, కూర్చున్నట్టు కూర్చున్నాను. అరచెయ్యి నేలకు ఆనించి, మడమలు తన్నిపెట్టి, బరువంతా నా మీదే మోసుకుంటున్నాను. మంత్రాలు ఎంతకీ తెమలవు. చివరికి పురోహితుడు ఇక చాలు లెమ్మన్నాడు. బతికాననుకుని లేవబోయాను. ఈయన నా జబ్బ పట్టుకున్నాడు.

"లెగమాకమ్మా. నువ్వింకా కూచోనే లేదు."

నేల మీది చెయ్యి తీసేశాను. కాళ్ళు వదిలేసి, ఉన్న బరువంతా ఈయన మీద పడేసి కూర్చున్నాను. ఆ తర్వాత రెండు రోజులు ఈయన కుంటుకుంటూ పనికి పోయాడు.