రెప్పలు దించే మనిషి

"ఈ వయసులో ఎవరికి చూపించుకుందామని అక్కా నీకీ సోకు?"

వంటగదిలోంచి నాన్న గొంతు. మెట్ల మీద కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్న కొడుకు సూది ఆపి చెవి అటు పడేశాడు.

"సోకు కాదురా. పైరెప్పలు జారి చూపుకి అడ్డం పడుతున్నాయి. ఎదురొచ్చే మనిషి మొహం చూడాలంటే గడ్డం పైకెత్తాల్సొస్తోంది. జనమేమో నాకు పొగరెక్కిందనుకుంటున్నారు."

"అద్దాలు మార్చుకో."

"అద్దాలు రెప్పల్ని ఎత్తి పట్టుకుంటాయా?"

"అయినా నువ్వు చేసే పనికి అందమెందుకు? అక్కడ పడుకున్నవాళ్ళు లేచి నిన్ను చూడబోతారా?"

గిన్నె బండ మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత అత్త చాలా మామూలుగా అంది. "వాళ్ళ సంగతి సరే. బతికున్నవాళ్ళే నన్ను చూసి పొరబడుతున్నారు. నాకు నిద్ర కరువైందిరా తమ్ముడూ. కళ్ళు మూస్తే భయమేస్తోంది. ఇలాగే ఉంటే ఆ పనికి పోలేను, ఇంట్లోనూ బతకలేను."

"సరే, డాక్టరుకి చూపించుకో," అన్నాడు నాన్న. ఆయన అంత త్వరగా ఒప్పుకోవడం ఆ ఇంట్లో అరుదు.

అత్తది పెద్దాసుపత్రి మార్చురీలో ఉద్యోగం. చనిపోయినవాళ్ళని బంధువులకి చూపించే ముందు శుభ్రం చేసి, జుట్టు దువ్వి, నోరు సరిచేసి, కళ్ళు మూసే పని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "నా చేత్తో కలిపి పెడితే తినే మగాడు దొరకలేదు" అనేది. పక్కింటివాళ్ళు ఆమె చేతి నుంచి పంచదార గ్లాసు తీసుకునేటప్పుడు వేళ్ళు తగలకుండా అంచు పట్టుకునేవాళ్ళు. ఆమె కావాలనే వేళ్ళు ఇంకొంచెం ముందుకు జరిపేది. అదొక సరదా ఆమెకి.

కళ్ళు మూయడానికి ఆమెకో పద్ధతుంది. గోరువెచ్చని నీళ్ళలో దూది తడిపి రెప్పల మీద కాసేపు ఉంచుతుంది. తర్వాత రెండు బొటనవేళ్ళతో మెల్లగా కిందికి లాగి, కదలకుండా పట్టుకుని "ఇక చూసింది చాలు" అంటుంది. ఆ మాట ఏ పుస్తకంలోదీ కాదు. మొదట్లో చేతులు వణక్కుండా ఉండాలని తనకి తనే చెప్పుకున్న మాట, అలాగే అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్ళకీ అదే నేర్పింది. మాట అనకుండా చెయ్యి తీస్తే ఊరుకునేది కాదు.

కళ్ళ డాక్టరు దగ్గరికి తోడెళ్ళే పని వాడి మీద పడింది. కాలేజీ మధ్యలో వదిలేసి, ఏ పనిలోనూ కుదురుగా నిలవకుండా తిరుగుతున్నది ఇంట్లో వాడొక్కడే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక వాడు నేరుగా అడిగేశాడు.

"ఏం జరిగిందత్తా? నిన్ను చూసి ఎవరు పొరబడ్డారు?"

అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం నడుం నొప్పిగా ఉండి ఖాళీ స్ట్రెచర్ మీద వాలింది. ఏళ్ళుగా ఉన్న అలవాటే. ఏసీ చలికి దుప్పటి బదులు ఉతికిన తెల్లగుడ్డ గుండెల దాకా లాక్కుంది. కునుకు పట్టింది. రెప్పలు బరువై సగానికి జారి, కింద సన్నగా తెల్లగుడ్డు కనబడుతోందట. అప్పుడు పొడుగాయన లోపలికొచ్చాడు. ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఎత్తు వల్ల అందరూ అలాగే పిలుస్తారు. వార్డు నుంచి ఒకరిని దించాం అని ఫోనొచ్చింది కదా, మసకలో మొహం పోల్చుకోకుండా ఆ కళ్ళు మాత్రం చూసి, ఈమే కాబోలనుకున్నాడు.

"అనుకుని?"

"నేర్పినట్టే చేశాడు. తడిదూది పెట్టాడు. బొటనవేళ్ళతో రెప్పలు లాగాడు. ఇక చూసింది చాలు అన్నాడు. గుడ్డ మొహం మీదికి కప్పాడు."

"నీకు మెలకువ రాలేదా?"

"దూది పెట్టగానే వచ్చింది."

వాడు ఆమె వైపు తిరిగాడు. "మరి లేవలేదేం?"

బస్సు ఒక మలుపు తిరిగింది. "హాయిగా ఉందిరా. అదే నా భయం. అంతమందికి చెప్పిన మాట, నాకెవరూ చెప్పలేదు. వినగానే ఒళ్ళంతా వదులైపోయింది. అవును, చూసింది చాలు అనిపించింది. గుడ్డ కింద ఊపిరి తీసుకోవాలని కూడా గుర్తు రాలేదు. తర్వాతెప్పుడో తీసుకున్నా. గుడ్డ కదలడం చూసి వాడు వెనక్కి ఎగిరి గోడకి కొట్టుకున్నాడు."

ఆమె నవ్వింది. వాడికి నవ్వు రాలేదు. పొడుగాయన మర్నాడు ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి, "అక్కా, తప్పు నాదే, కానీ నీ కళ్ళు అచ్చం అలాగే ఉన్నాయి" అన్నాడట. లోపలికి రమ్మంటే రాలేదట. అప్పటినుంచి ఆమె కళ్ళు మూసుకుంటే చాలు, ఆ హాయి మళ్ళీ వచ్చేస్తుందేమో, ఈసారి ఊపిరి గుర్తు రాదేమో అని దిగ్గున లేచి కూర్చుంటోంది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. సాయంత్రానికి రెప్పలు ఇంకా జారతాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని అడిగింది. ఏళ్ళ కిందటి ఫోటో తెప్పించుకుని పోల్చింది. కండరం బాగానే ఉంది, చర్మం సాగి వేలాడుతోంది, అంతే అని తేల్చింది. తర్వాత ఉన్న దారులు ఒక్కొక్కటే చెప్పింది. పొద్దున్నే రెప్ప మడతలో సన్నటి టేపు అంటించుకుంటే పూటకి నిలుస్తుంది. నుదుటికి సూది మందు వేస్తే కనుబొమ్మ కాస్త లేస్తుంది, కొన్ని నెలలకి మళ్ళీ మామూలే. వేడి పెట్టి చర్మం బిగించే మిషన్లున్నాయి గానీ ఇంత సాగినదానికి చాలవు. గట్టి మార్గం ఆపరేషనే. రెప్పకి మాత్రమే మత్తిచ్చి, మిగిలిన చర్మం సన్నగా కోసి, మడతలో కనబడకుండా కుట్టేస్తారు.

చెబుతూనే ఒక చిన్న పుల్లతో రెండు రెప్పలూ పైకెత్తి అద్దం చూపించింది. అద్దంలో ఎవరో ఉలిక్కిపడి లేచిన ఆడమనిషి. వాడే ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. అత్త ఆ మొహాన్ని కన్నార్పకుండా చూసింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"కోశాక మూసుకుంటాయా?"

"మొదటి కొన్నాళ్ళు వాపు వల్ల పూర్తిగా మూసుకోకపోవచ్చమ్మా. రాత్రుళ్ళు ఆయింట్‌మెంట్ పెట్టుకోవాలి. తర్వాత సర్దుకుంటాయి. చర్మం మరీ ఎక్కువ తీసేస్తేనే ఎప్పటికీ మూసుకోని ప్రమాదం. అందుకే నేను కాస్త తక్కువే తీస్తాను. తొందరేం లేదు, ముందు టేపు వాడి చూడండి."

బయటికొచ్చాక వాడు తేలిగ్గా అన్నాడు. "ఇంకేం, బంగారంలా చెప్పింది కదా."

"మూసినా మళ్ళీ తెరుచుకునే కళ్ళు కొన్ని వస్తాయిరా మా దగ్గరికి," అంది అత్త. "ఎంతసేపు పట్టుకున్నా సరే, చెయ్యి తీయగానే మెల్లగా విడిపోతాయి. ఇంకా చెప్పాల్సిందేదో ఉండిపోయిందని, వాళ్ళని మేం మాట మిగిలినవాళ్ళు అంటాం."

"పోయాక ఒళ్ళు బిగుసుకోవడం వల్లే కదా, నువ్వే చెప్పావు నా చిన్నప్పుడు."

"చెప్పాను. అయినా వాటితో ఒంటరిగా కూర్చుంటే తెలుస్తుంది."

టేపు పెట్టుకుని పనికెళ్ళింది. మొదటిరోజు సంబరంగానే చెప్పింది, గోడ మీద గడియారం తల ఎత్తకుండా కనబడిందని. మరుసటిరోజు సంబరం లేదు. బల్ల మీద వేలాడే పెద్ద లైటు చుట్టూ స్టీలు గిన్నె లాంటి డొప్ప ఉంటుందట. రెప్పలు అడ్డం ఉన్నన్నాళ్ళూ అది ఆమె చూపుకి అందలేదు. ఇప్పుడు అందులో బల్ల మీది మనిషీ, పైన వంగిన తనూ వంకర్లు తిరిగి ఒకే మొహంగా కనబడ్డారు. ఆ మొహంలో ఏ కన్ను ఎవరిదో తెలియలేదు. ఒక ముసలామె రెప్పలు దించుతుంటే చెమటకి టేపు ఊడి తన కుడిరెప్ప జారిపోయింది. సరిగ్గా అదే సమయానికి ముసలామె కన్ను ఒకటి విడింది. ఇద్దరూ చెరో కంటితో ఒకరినొకరు చూసుకున్నారు. అత్త ఆ మాట అనకుండానే చేతులు తీసేసింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. ఇంటికొచ్చి డాక్టరుకి ఫోన్ చేసి తారీఖు అడిగింది.

ఆపరేషన్‌కి నాన్నే తీసుకెళ్ళాడు. "ఇది పెళ్ళికూతురు ముస్తాబు, మేనమామ బదులు తమ్ముణ్ణి ఎత్తుకొస్తున్నా" అని నర్సుతో జోకులేశాడు గానీ, బయట బల్ల మీద కూర్చున్నంతసేపూ మోకాళ్ళు ఊపుతూనే ఉన్నాడు. అంతా సవ్యంగానే జరిగింది. అత్త కమిలిన రెప్పలతో, మడతలో నల్లదారం కుట్లతో ఇంటికొచ్చింది. "ఎవరితో కొట్లాడావక్కా?" అన్నాడు నాన్న. "అద్దంతో," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అత్తా, వాడూ ఇద్దరే. కర్టెన్లు వేసి అత్త తలకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంది. నిద్రపోననే మొండికేసింది, కానీ మాత్రల మత్తు ఊరుకుంటుందా. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. వాడు ఫోన్లోంచి తలెత్తి చూశాడు.

కళ్ళు పూర్తిగా మూసుకోలేదు. వాచిన రెప్పల మధ్య తెల్లటి గీత, ఆయింట్‌మెంట్‌తో తడిగా మెరుస్తోంది. డాక్టరమ్మ ముందే చెప్పింది, తెలుసు. అయినా ఆ గీత వాడినే చూస్తున్నట్టుంది. దుప్పటి కదులుతోందో లేదో ఆ మసకలో తెలియలేదు. గుండె మీద చెయ్యి వేసి చూడొచ్చు, పిలవొచ్చు. వాడు ఆ రెండూ చేయలేదు. లేచి మంచం దగ్గరికెళ్ళాడు, చేతులు వాటంతటవే ముందుకెళ్ళాయి, బొటనవేళ్ళు రెప్పల దాకా వెళ్ళాయి. నోట్లోకి ఏదో మాట వస్తోంది. అదేమిటో వాడికి తెలుసు.

"నువ్వు కూడానా?" అంది అత్త.

వాడు చేతులు వెనక్కి లాక్కుని కుర్చీలో కూలబడ్డాడు.

"భయపడకు. తప్పేం కాదు. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది," అంది, కదలకుండా, ఆ గీతలోంచే చూస్తూ. "నాకు నిద్ర కావాలిరా. ఎన్నాళ్ళయిందో. నువ్వుంటే నిద్రపోతాను. కానీ ఒక పని చేసి పెట్టు. కుర్చీ దగ్గరికి జరుపుకో. నా కళ్ళు తెరుచుకునే ఉంటాయి, వాటిని పట్టించుకోకు, ముట్టుకోకు. అనుమానమొస్తే నన్ను పిలువు. అత్తా అని కాదు, ఇంట్లో ఎవరూ పిలవని నా పూర్తి పేరుతో పిలువు. పలికితే నీ పని చూసుకో. పలక్కపోతే మళ్ళీ పిలువు, గట్టిగా. అప్పటికీ పలక్కపోతేనే రెప్పల మీద చెయ్యి పెట్టు. పెట్టినా సరే, ఆ మాట మాత్రం అనకు."