ముందు పొట్టి, వెనక పొడుగు స్వెటరు

మా చిన్నప్పుడు... దసరా సెలవులు ఇచ్చారంటే చాలు, మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో మా వరండా మీద హైకోర్టు కొలువుదీరేది. కేసు ఏటా ఒక్కటే... ఈసారి స్వెటరుకి ఏ డిజైను?

న్యాయమూర్తులు ఇద్దరు. ఒకరు మా నానమ్మ... గుంటూరు వైపు నుంచి వచ్చి, ఇక్కడే టీచరుగా చేసి రిటైరైన మనిషి. రెండోవారు పక్క క్వార్టర్ సరోజమ్మమ్మ... పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ముద్దాయిని నేను. అల్లినదంతా చివరికి వేసుకోవలసింది నేనే కాబట్టి.

సికింద్రాబాద్‌లో శరదృతువంటే ఏముంది... మధ్యాహ్నం ఫ్యాను, తెల్లవారుజామున దుప్పటి. ఆ మాత్రం చలికే మావాళ్లు హిమాలయాలకు సరిపడా అల్లేవారు.

అన్నట్టు, ఊలు కొనేవారు కాదు. నేను ఏటా పెరిగేదాన్ని, స్వెటరు పెరగదు కదా... పాతది విప్పేసి, ఊలు తడిపి, వంకర్లు పోయేదాకా ఆరేసి, మళ్లీ ఉండ చుట్టి అల్లేవారు. మాది క్రైస్తవ కుటుంబమే అయినా మా మెరూన్ ఊలు మాత్రం ఏటా పునర్జన్మ ఎత్తేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు కోర్టులో గొడవ ముదిరింది. సరోజమ్మమ్మ వాళ్లాయన రిటైరయ్యారు. క్రిస్మస్‌లోపే క్వార్టర్ ఖాళీ చేసి, బోయిన్‌పల్లిలో కట్టుకున్న ఇంటికి వెళ్లిపోవాలి. ఆ మాట ఇద్దరూ ఎత్తేవారు కాదు... దాని బదులు డిజైను మీద పోట్లాడుకునేవారు.

ఒకరోజు సరోజమ్మమ్మ ఏదో పత్రికలోంచి చింపిన బొమ్మ పట్టుకొచ్చింది. స్వెటరు ముందు భాగమంతా జడల్లా మెలికలు తిరిగిన అల్లిక.

"గీ జడల డిజైన్ జూడక్కా, ఎంత మంచిగున్నదో! పోరి గిది ఏస్కుంటే దొరసాని లెక్క గనపడ్తది."

నానమ్మ కళ్లద్దాలు సవరించుకుంది. "ఒంటికి తాళ్లు బిగించినట్టుంది. శుభ్రంగా రెండు కుట్లు సీదా, రెండు కుట్లు ఉల్టా. అంతే."

"నీ రెండు సీదా రెండు ఉల్టాతోని యాష్టొచ్చింది నాకు."

"అయితే నీ జడలు బోయిన్‌పల్లి వెళ్లి అల్లుకో!"

అంతే... వరండా చల్లబడిపోయింది. సరోజమ్మమ్మ సంచి సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లు కోర్టుకు సెలవు. నానమ్మ ఒంటరిగా కూర్చుని అల్లడం, విప్పడం... మళ్లీ అల్లడం, విప్పడం. చివరికి ఓ సాయంత్రం నన్ను పిలిచింది.

"వెళ్లి ఆవిడకి చెప్పు... టీ చల్లారిపోతోందని."

"ఇంకా పొయ్యి మీదే పెట్టలేదుగా నానమ్మా?"

"పెడతాలేవే, నువ్వు వెళ్లు!"

సరోజమ్మమ్మ వచ్చింది. టీ తాగింది. తీర్పు కూడా వచ్చింది... చెరో సగం. పంతంగా కాదు, పోటీ పడి ఒకరికొకరు లొంగిపోయారు. ముందు భాగం నానమ్మ అల్లుతుంది... సరోజమ్మమ్మకు నచ్చిన జడలతో. వెనక భాగం సరోజమ్మమ్మ... నానమ్మ రెండు సీదా, రెండు ఉల్టాతో.

చరిత్రాత్మకమైన ఈ ఒప్పందంలో చిన్న లొసుగు ఉంది. నానమ్మది బిగువు చెయ్యి. అసలే జడల అల్లిక ఊలును లోపలికి లాగేస్తుంది. సరోజమ్మమ్మదేమో వదులు చెయ్యి. ఇద్దరూ కుట్లు సమానంగా లెక్కపెట్టుకున్నారు, వరసలూ లెక్కపెట్టుకున్నారు. ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు... ఎవరి చెయ్యి వాళ్లకు ప్రమాణం మరి!

సామాను లారీ ఎక్కే ముందురోజు రెండు ముక్కలూ కలిపి కుట్టి నాకు తొడిగారు. ముందు భాగం బొడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. వెనకది ఇంకా ప్రయాణంలోనే ఉంది.

సరోజమ్మమ్మ నన్నోసారి గిరగిరా తిప్పి చూసింది. "అక్కా... గిది స్వెటరా, పిట్ట తోకనా?"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నానమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది... చాలాసేపు తుడుచుకుంది.

ఆ క్రిస్మస్‌కి నేను కేరల్స్ పాడుతూ ఇంటింటికీ తిరిగింది ఆ తోకతోనే. ముందు నుంచి చలి, వెనక నుంచి రక్షణ.

మరుసటి దసరాకి అలవాటు ప్రకారం విప్పుదామని దాని కొస పట్టుకున్నాను. నానమ్మ చటుక్కున లాక్కుంది. "దాన్ని ముట్టుకోకు. ఈసారి కొత్త ఊలు కొందాం." మా ఇంట్లో కొత్త ఊలు! నేను ఆనందంలో ఎందుకని అడగడమే మర్చిపోయాను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... ఈ వారమంతా నా ఫోన్ నిండా శరదృతువు కొత్త అల్లికలే. అడక్కపోయినా నా తీర్పు వినండి. మెడకు పాములా చుట్టుకునే ఆ లావు మఫ్లర్లు... మన ఊళ్లో శిక్షాస్మృతి కిందికి వస్తాయి. వేళ్లు బయటికుండే గ్లౌజులు... ఫోన్ గీకడానికి వీలు, అనుమతించడమైనది. ఇక ఈ సీజన్ సరికొత్త మోడలట... ముందు పొట్టి, వెనక పొడుగు!

సరికొత్తదా? అది మెట్టుగూడ వరండాలో ఎప్పుడో పుట్టిందండీ. పైగా వీళ్ల దాంట్లో ముందూ వెనకా రెండూ ఒకే చేతి అల్లిక... ఏం గొప్ప?

ఇప్పుడు వేలితో నొక్కితే స్వెటరు గుమ్మంలోకి వచ్చేస్తుంది... డిజైను కోసం అలిగి వెళ్లేవాళ్లూ లేరు, పొయ్యి మీద పెట్టని టీ చల్లారిపోతోందని కబురంపేవాళ్లూ లేరు.

ఆ మెరూన్ స్వెటరు నా బీరువాలోనే ఉంది. కొస ఎక్కడుందో తెలుసు. లాగను.

మీ ఇంట్లో కూడా విప్పకుండా ఉంచుకున్నది ఏదైనా ఉంటే చెప్పండి... కోర్టు వింటోంది.