సమ్మయ్య ఫోన్‌కు వచ్చిన కబురు

ఈ రోజు పొద్దున జనగామలో మా మిద్దె మీది గదిలో రేడియో తిప్పుతుంటే, పసిఫిక్ సముద్రంలోని ఓ చిన్న దీవి నుంచి ఒకాయన గొంతు వినిపించింది. సరదాకి రేడియోలో దేశదేశాల వాళ్లతో మాట్లాడే మా అమెచ్యూర్ రేడియో వాళ్లకు ఒక అలవాటుంది. దూరపు స్టేషన్ ఎవరి చెవిన పడినా, దాని పేరు, ఫ్రీక్వెన్సీ వెంటనే ఇంటర్నెట్‌లో అందరం చూసే పేజీలో పెడతాం. చూసినవాళ్లు అప్పటికప్పుడు తమ రేడియోలు అటు తిప్పుకుంటారు. నేనూ పెట్టాను.

రెండు నిమిషాలకే రేగొండ నుంచి రాధ ఫోన్ చేసింది. ఆమె భర్త సమ్మయ్య నాకు ఇరవై ఏళ్ల రేడియో స్నేహితుడు. కిందటి నెల గుండెపోటుతో పోయాడు.

“అన్నా, ఆయన ఫోన్ ఒక్కతీర్గ మోగుతాంది. ఏదో దీవి పేరు చూపిస్తాంది. ఏందన్నా గిది?”

ఆ దీవి గొంతు కోసం సమ్మయ్య తొమ్మిదేళ్లు రేడియోలో వెతికాడు. అది ఎవరికి వినిపించి ఆ పేజీలో పెట్టినా తన ఫోన్ మోగేలా పెట్టుకున్నాడు. ఆ సంగతే చెప్పాను.

“జర ముందుగాల రాకపాయె,” అంది.

“ఆ మోత ఎట్ల ఆపాల్నో చెప్త చెల్లె.”

“వద్దన్నా, మోగనియ్యి. ఇంట్ల ఆయన కోసమని మోగేది గిదొక్కటే ఉన్నది.”

తర్వాత ఆ దీవిలోని ఆయన్ని పిలుద్దామని మైకు పట్టుకున్నాను గానీ, పిలవకుండానే కింద పెట్టేశాను. కాసేపటికి సిగ్నల్ కూడా పోయింది.

వేల మైళ్ల అవతలి వాళ్లతో మాట్లాడటానికి లైసెన్సున్న మనిషిని. రేగొండలో ఉన్న చెల్లెకు ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. మీరైతే ఏం చెప్పేవారు?