పెద్ద సోము, చిన్న సోము

మా మరిది ఫల్గుణ మనుషులతో కన్నా యంత్రాలతోనే ఎక్కువ మాట్లాడేవాడు. పెళ్లాం పోయాక మరీను.

అనంతగిరి పైన మా కొండిగూడలో కాఫీ పళ్ల తొక్క తీసే షెడ్డు ఉండేది. ఆ రోజులే వేరు. తెల్లవారి మంచులో ఆడవాళ్లం బుట్టలు దించేసరికే ఫల్గుణ యంత్రాలు తిప్పుతూ ఉండేవాడు. పుల్లటి తొక్క వాసన, నిప్పుల్లో కాలే పనసపిక్కల వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు.

మా కొండల్లో సోమవారం పుట్టిన పిల్లవాడు సోము, శుక్రవారం పుడితే సుక్రు. యంత్రం వచ్చిన వారాన్ని బట్టే ఫల్గుణ దానికీ పేరు పెట్టేవాడు. శుక్రవారం వచ్చినది సుక్రు అయింది. వేరే వేరే ఏళ్లలో రెండు యంత్రాలు సోమవారమే వచ్చాయి. ముందొచ్చింది కొత్తది. వెనకొచ్చింది ఎవరో వాడి వదిలేసిన ముసలిది. ఆ ముసలిదాన్నే పెద్ద సోము, కొత్తదాన్ని చిన్న సోము అన్నాడు. ఎప్పుడొస్తేనేం, వయసుకు పెద్దరికం ఇవ్వొద్దూ?

నిరుడు మా షెడ్డు మూసేసి, యంత్రాలను కొండ కింది షెడ్డులో కలిపేశారు. ఫల్గుణా వాటి వెంటే అక్కడికి పనికి వెళ్లాడు. అక్కడ అన్నిటికీ నంబర్లే. ఇంజనీరు రవికుమార్ పల్లపు ఊరివాడు, మంచివాడే. అయితే మావాళ్ల నోట ఆ పేర్లు విని, ముందొచ్చిందే పెద్దదనుకుని, కొత్తది పెద్ద సోము, నంబరు నాలుగు, ముసలిది చిన్న సోము, నంబరు ఐదు అని తనే జతచేసి రాసేసుకున్నాడు. ఫల్గుణను అడగలేదు.

మొదటి రోజే ముసలిది గింజలు పగలగొట్టసాగింది. "చిన్న సోము ఆపండి!" అని అరిచాడు రవికుమార్. ఫల్గుణ పరుగెత్తి తన లెక్కలో చిన్న సోమైన కొత్తదాన్ని ఆపాడు. ముసలిది ఆగలేదు. పగిలిన గింజలు తొక్కతోపాటు కాలవలో పడ్డాయి.

"ఇకమీదట పేర్లొద్దు. నంబర్లు నేర్చుకోలేకపోతే ఇంటి దగ్గరే ఉండండి" అన్నాడు ఇంజనీరు.

ఫల్గుణ వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు.

"నానింక ఎల్లనొదినా. పేరు తీసేసినాక ఆటికి నానెవుల్ని?"

"ఏటిరా, సెట్టంత మగోడివి, నంబరుకి ఏడుత్తన్నావా? నాను కోడలిగా వొచ్చిన కాడినుంచి మీయమ్మ నన్ను నా పుట్టింటూరి పేరెట్టి ‘ముంచింగిపుట్టు గుంట’ అనే పిలిసింది. అంతమాత్రాన నా పేరు సచ్చిపోనాదా? సెప్పు, నా పేరేటి?"

"దేముడమ్మ" అన్నాడు నేల చూస్తూ.

"మరింకేటి! లెగు బేగి. ఏ సోముకి ఏ నంబరో ఆ బాబుకి నువ్వే సూపించు."

దారిలో మనసు మార్చుకుంటాడేమోనని మర్నాడు నేనూ వెంట వెళ్లాను. రవికుమార్ మొహం ఇంకా ముడుచుకునే ఉంది. ఫల్గుణ ముసలిదాని మీద చెయ్యి వేశాడు.

"ఈడు పెద్దోడు బాబూ. ఎనకొచ్చినా పెద్దోడే."

"ముందొచ్చింది పెద్దదనుకున్నానండీ."

"అడిగితే సెప్పీవోడు గదా బాబూ" అన్నాను. రవికుమార్ నవ్వేశాడు.

కొండ మీంచి వచ్చినవాటికి నంబరు ముందు ‘కొండిగూడ’ అని రంగుతో రాయించాడు. సోములనూ సుక్రునూ మాత్రం రాయించలేదు. ఆ పేర్లు లేని రాతలు చూస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఫల్గుణ మాత్రం రోజూ పనికి వెళ్తున్నాడు.

ఈ ఏడాది పళ్ల కాలంలో నేను కింది షెడ్డులో బుట్ట దించుతుంటే రవికుమార్ అడిగాడు.

"ఫల్గుణగారూ, కొండిగూడ ఐదు ఎలా ఉంది?"

"పెద్దోడికి దగ్గొచ్చినాది బాబూ."

రవికుమార్ ఇంకో మాట అడక్కుండా వెళ్లి, ఆ ముసలిదాని దగ్గరే వంగి చెవి పెట్టాడు.