నైట్ షిఫ్టు వారాల సీరియల్

మా అక్క క్వార్టర్‌లో ఇప్పుడు మూటగట్టకుండా మిగిలినవి టీవీ, దివాను, మా బావ. తక్కిన సామానంతా గోనెసంచుల్లోకీ అట్టపెట్టెల్లోకీ పోయింది. బావ గని వర్క్‌షాపులో రిటైరయ్యాడు కాబట్టి కంపెనీ ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి, బెల్లంపల్లిలో కట్టుకున్న సొంతింటికి పోవాలి. చుట్టాలందరూ సంతోషపడుతున్నారు. కడుపు మండిపోతున్నది నాకొక్కదానికే.

గోదావరిఖని మార్కెట్లో మా అక్కచెల్లెళ్లిద్దరిదీ బ్లౌజులు కుట్టే షాపు. అక్క కత్తిరిస్తుంది, నేను కుడతాను. నాకు కటింగ్ రాదని కాదు, వచ్చు. కాకపోతే నేను కత్తిరించిన బ్లౌజు వేసుకున్న మనిషి చెయ్యి పైకెత్తే ముందు కొంచెం ఆలోచించుకోవాలి. అక్క వెళ్లిపోతే ఆ షాపు ఏం కావాలో ఎవరూ మాట్లాడటం లేదు. నేనడిగితే అక్క “సూద్దాం తియ్యే” అంటుంది. మా అక్క చూద్దాం అన్నదంటే ఆ పని కాదన్నమాటే. పెళ్లయిన కొత్తలో బావ బండి కొంటానంటే చూద్దాం అంది. ఆయన రిటైరయ్యేదాకా సైకిల్ మీదే డ్యూటీకి పోయాడు.

తిన్నగా అడిగితే లాభం లేదనుకొని నేనో ఎత్తు వేశాను. పూర్వం మేమిద్దరం ప్రాణం పెట్టి చూసిన సీరియల్ ఒకటుంది. హిందీ నుంచి తెలుగులోకి మార్చినది. తెల్లదొరల కాలం, కలకత్తా, అందులో ఇద్దరు అక్కచెల్లెళ్లు బట్టల దుకాణం పెట్టి జమీందార్ల ఇళ్లకూ దొరసానులకూ కొత్త కొత్త ఫ్యాషన్లు కుట్టిస్తుంటారు. చివర్లో అక్క దుకాణం విడిచి దూరం వెళ్లిపోతుంది. చెల్లెలు ఏడ్చి ఏడ్చి చిక్కిపోతుంది. అప్పుడు ఒక వానరోజు అక్క తన కుట్టుమిషను టాంగాలో వేసుకొని తిరిగొచ్చి, చెల్లెలి మిషను పక్కన దింపి, “అర్జెంటుది ఏదుంది?” అని అడుగుతుంది. ఆ ఒక్క సీను మా అక్కకు మళ్లీ చూపిస్తే చాలు, మనసు కరిగి బెల్లంపల్లి నుంచే షాపుకు రాకపోకలు పెట్టుకుంటుందని నా లెక్క. నా బిడ్డ ఫోన్‌లో వెతికి ఆ సీరియల్ పట్టుకొని, అక్క టీవీకి కలిపి పెట్టింది. తిన్నగా చివరికి పోతే అక్కకు అనుమానం వస్తుందని మొదటి భాగం నుంచీ మొదలుపెట్టాం. ఎండాకాలం మా ఖనిలో మధ్యాహ్నం పూట మనిషన్నవాడు బయటికి రాడు కాబట్టి షాపు మూసేసి రోజూ చూడటానికి తీరిక కుదిరింది.

ఇంత నాసిరకం సీరియల్‌కా మేం అప్పట్లో కళ్లు వాచేలా ఏడ్చింది! దొరల కాలం అంటారు, చెల్లెలి జాకెట్టుకు వీపు మీద ప్లాస్టిక్ జిప్పు. దారం లేని సూదితో ఆ పిల్ల పెళ్లి గౌను మొత్తం కుట్టేసింది.

“మిషినుకు బెల్టే లేదు గదనే. ఆమె తొక్కేది దేన్ని?” అన్నాడు బావ.

“నువ్వు నోరు మూసుకొని సూడు బావా,” అన్నాను నేను. నిజానికి నాకు ఆయన మీద కంటే ఆ పిల్ల మీదే కోపంగా ఉంది. ఆమె బుట్ట చేతుల మోజులో పడి అప్పట్లో ఖని ఆడవాళ్లంతా మా షాపు ముందు బారులు తీరారు. రోహిణి కార్తెలో, బొగ్గు మండినట్టు మండే ఎండలో, లోపల నెట్ కుట్టిన బుట్ట చేతులు! చెమటకాయలు లేచి గోక్కుంటూ వచ్చి, తప్పు మా కుట్టుదే అన్నట్టు మమ్మల్ని తిట్టిపోయేవాళ్లు. మళ్లీ మర్నాడు ఇంకో జత ఇచ్చేవాళ్లు.

అప్పట్లో నేను ఈ సీరియల్‌ను మూడు వారాల్లో రెండు వారాలే చూశాను. సీరియల్ వచ్చేది మధ్యాహ్నం. మా ఆయన గనిలో దిగే మనిషి. ఆయనకు వారానికో షిఫ్టు మారుతుంది. నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే పొద్దున వచ్చి పడుకున్న మనిషి లేచేదాకా మా రెండు గదుల ఇంట్లో చీమ కూడా చప్పుడు చెయ్యకూడదు. కుక్కర్ పెట్టకూడదు, పప్పు గిన్నెలోనే ఉడకాలి. కిటికీలకు దుప్పట్లు కట్టాలి. కూరగాయలమ్మే అతను సైతం మా లైన్‌లోకి రాగానే గొంతు తగ్గించేవాడు. ఏ ఇంట్లో ఎవరిది ఏ షిఫ్టో ఆయనకు మాకంటే బాగా తెలుసు. అలాంటి ఇంట్లో టీవీ ఎక్కడ పెడతాం? అందుకని ఆ వారం మధ్యాహ్నాలు షాపులో కూర్చునే వంతు నాది. బావకు ఎప్పుడూ జనరల్ షిఫ్టే కాబట్టి అక్క నిశ్చింతగా ఇంటికి పోయి చూసొచ్చి, కత్తెర ఆడిస్తూ నాకు కథ చెప్పేది.

ఎంత బాగా చెప్పేదో! నాకు ఇప్పటికీ గుర్తున్న సీన్లన్నీ ఆ వారాలవే. పొగరుబోతు జమీందారు భార్య అక్కచెల్లెళ్లను అవమానిస్తే, గవర్నర్ దొర విందులో వంగి దండం పెట్టబోయి ఆమె జాకెట్టు చర్రున చినిగిపోయే సీను కోసం నేను ఈసారి కాచుకొని కూర్చున్నాను. జమీందారు భార్య వచ్చింది, అవమానించింది, టీ తాగింది, వెళ్లిపోయింది. అంతే.

“నడుమ సీన్లు కోసేసిన్రే అక్కా దీన్ని,” అన్నాను.

అక్క నీళ్లు తెచ్చుకుంటానని లేచింది. బావ పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు అప్పటికైనా అర్థం కావలసింది. కాలేదు. ఫోన్‌లో ఏ దిక్కుమాలిన సీరియల్ పెట్టి పోయావని నా బిడ్డను తిట్టి, ముందుకు సాగాను.

నిన్న చివరి భాగం చూశాం. అక్క పాత్ర వెళ్లిపోయింది. చెల్లెలు ఏడ్చింది. నేను పక్కనున్న మా అక్కను ఓరకంట చూస్తూ టాంగా కోసం ఎదురుచూస్తున్నాను. వాన కూడా పడింది. తర్వాత చెల్లెలు దుకాణం బోర్డు దింపించి, ఇంకెవరికో అమ్మేసి, తెల్లచీర కట్టుకొని రైలెక్కింది. పేర్లు పడ్డాయి.

“అక్కా, టాంగా ఏది?”

“ఏ టాంగా?”

“ఆమె మిషిను ఏసుకొని వాపసు వచ్చే టాంగా! నువ్వే చెప్పినవ్ గదా!”

అక్క చీర కొంగు సర్దుకుంది. పేపరు వెనక నుంచి బావే మాట్లాడాడు. “గోలేటి పొయ్యే ముందట నాకు గూడ చెప్పింది గా కథ. నాకు చెప్పినప్పుడు ఎడ్లబండి ఉండె. టాంగా ఎప్పుడు చేసిందో మరి.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సీరియల్ అయిపోయే రోజుల్లోనే బావకు గోలేటికి ట్రాన్స్‌ఫర్ వచ్చింది. అక్క వెళ్లిపోతుందని నేను ఇద్దరు పిల్లల తల్లినై ఉండి కూడా అన్నం మానేశాను. ఆ వారం మా ఆయనది నైట్ షిఫ్టు. చివరి భాగాలు నేను చూడలేదు.

“ఏం చెయ్యమంటవే మరి?” అంది అక్క, తప్పంతా నాదే అన్నట్టు. “ఆమె ఇగ రాలేదు, దుకాణం అమ్మేసింది అని చెప్తే నువ్వు గూడ షాపు బంద్ పెట్టి పండుకునేదానివి. నీ సంగతి నాకు ఎరుకలేదా?”

అక్క గోలేటి పోయింది. కొన్నేళ్లకు బావకు మళ్లీ ఇక్కడికే ట్రాన్స్‌ఫర్ అయింది. సామాను క్వార్టర్‌లో దింపకముందే ఆమె ట్రాలీ ఆటోను మా షాపు ముందు ఆపించి, మిషను నా మిషను పక్కన పెట్టించి, “అర్జెంటుది ఏదున్నదే?” అంది. సీరియల్ చూసి కాపీ కొట్టావు అని ఆ రోజు నుంచి మొన్నటిదాకా ఆమెను ఎక్కిరిస్తూనే ఉన్నాను. నాకు కోపమొచ్చింది, నవ్వొచ్చింది, ఆ రెండూ చాలక ఏడుపొచ్చింది. ఈ భూమ్మీద నాకు ఆమె తప్ప ఇంకో అక్క లేదు, ఉన్నా వద్దు.

“మరి ఇప్పుడేమైతది?” అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

“ఏమున్నది, అయిపాయె గద సీరియల్.”

“నేనడిగేది మన షాపు సంగతి.”

అక్క టీవీ వైర్లు ఊడదీసి చుట్టడం మొదలుపెట్టింది. “నాకేం ఎరుక? ఈసారి నేను గూడ సూడలే. నువ్వే చెప్పు.”

నాకు కథలు చెప్పడం రాదు. నాకు వచ్చింది కుట్టడం, కోప్పడటం. అయినా దివాను మీద సర్దుకొని కూర్చుని, “అక్క బెల్లంపల్లి పోయింది,” అన్నాను.

“ఊఁ.”

“ఇక్కడ చెల్లె ఒక్కతే కత్తిరించబట్టె. ఖనిల ఆడోళ్లెవ్వరు చెయ్యి లేపలేకపోతున్నరు. బస్సుల పైన కడ్డీ పట్టుకునే ఆడమనిషి లేదు.”

బావ దగ్గాడు. అక్క వైరు చుడుతూనే ఉంది. “ఊఁ.”

“ఇగ మంగళారం వచ్చింది. పొద్దటి బండికి అక్క రామగుండం స్టేషన్ల దిగింది. చెల్లె ఆటో మాట్లాడుకొని ఎదురు పోయింది.”

వైరు చుట్టడం ఆగింది.

“పొద్దటి బండా?” అంది అక్క చిరాగ్గా. “అండ్ల కాలు పెట్టనీకి జాగుంటదా? గా మోకాళ్ల నొప్పులతోని నిలవడి వస్తదా ఆమె? దాని ఎనుక బండి పెట్టు.”

దాని వెనక బండే పెట్టాను.