మావయ్య మైకుకి వేసిన రబ్బరు బ్యాండు

మొన్న బ్రాడీపేటలో పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నానా, జేబులో ఫోను ఒక్కసారిగా పొలికేక పెట్టింది. నాదొక్కటే అయితే సరే. డాక్టరుగారిది, బయట వరసలో కూర్చున్నవాళ్లవి, కింది అంతస్తు కోచింగ్ సెంటర్లో పిల్లలు సాక్సుల్లో దాచుకున్నవి, అన్నీ కలిసి ఊరంతా ఒకే గొంతుతో అరిచాయి. ఆ మోతకి డాక్టరుగారి చెయ్యి జారి, పుచ్చిపోయిన పన్నుని వదిలేసి దాని పక్కనే ఏ పాపమూ ఎరగని పన్నుని పట్టుకుంది. తీరా చూస్తే ప్రభుత్వం వారి తుపాను హెచ్చరిక. ఆ వెనకే మా అత్తయ్య ఫోను. "ఏరా" అని ఆగింది. "హెచ్చరిక చూశావా" అని మళ్లీ ఆగింది. ఆవిడ ఫోనులో ప్రతి ముక్కకీ ఒక ఊపిరి పట్టేంత ఖాళీ వదులుతుంది. కొత్తవాళ్లు లైను పోయిందనుకుని పెట్టేస్తారు. మా ఇంట్లోవాళ్లం పెట్టం. ఆ ఖాళీ ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు.

అది మా మావయ్య ఇచ్చిపోయిన ఆస్తి. మావయ్య అంటే మా అమ్మకి తమ్ముడు, గుంటూరు శివార్లలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో యంత్రాలు చూసే ఇంజనీరు. ఆయన కంటే ముందు ఆయన ఘాటు ఇల్లు చేరేది. వీధి మొగలో స్కూటరు తిరిగిందంటే ఈ చివర ఉయ్యాల్లో పసిపిల్లలు తుమ్మేవాళ్లు. అలాంటి మనిషికి హామ్ రేడియో పిచ్చి పట్టింది. పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, సొంత రేడియో సెట్టు పెట్టుకుని, ఊళ్లూ సముద్రాలూ దాటి తనలాంటివాళ్లతో మాట్లాడుకునే సరదా అది. డాబా మీద గది కట్టించి, దాని నెత్తిన ఇనప గొట్టం ఒకటి నిలబెట్టాడు. గుంటూరు మీదుగా వెళ్లే విమానాలు దాన్ని చూసి కాస్త పక్కకి జరిగేవని ఆయన నమ్మకం. ఆ గదిలో కూర్చుని ఫిన్లాండు దాకా మాట్లాడేవాడు. అంత దూరం మాట్లాడి తెలుసుకున్నదేమిటయ్యా అంటే, అక్కడ చలిగా ఉందని.

ఆదివారం వచ్చిందంటే ఆ డాబా మీద క్లబ్బు కూడేది. జిల్లా నలుమూలల నుంచీ, పక్క జిల్లా నుంచీ వచ్చేవాళ్లు, సోల్డరింగ్ పొగలో, పకోడీల పొగలో ఒకరికొకరు కనపడేవాళ్లు కారు. అందులో ఇద్దరు ముఖ్యులు. ఒకరు మా వీధి చివర స్కూటరు స్పేర్ పార్టుల కొట్టు భాయ్. పాత సైలెన్సరు ఇచ్చినా యాంటెన్నా చేసి పెట్టగలడు. రెండోవారు చీరాల నుంచి వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆయన "బాగున్నారా" అన్నా ఎక్కాలు అప్పజెప్పినట్టే ఉండేది. వీళ్లంతా తిరునాళ్లకి చేతి సెట్లు పట్టుకుని వెళ్లి, తప్పిపోయిన పిల్లల్ని వెతికి తల్లులకి అప్పగించేవాళ్లు. ఒక ఏడాది వాళ్ల ఉత్సాహం ఎంత దూరం వెళ్లిందంటే, తప్పిపోయినవాళ్ల కంటే దొరికినవాళ్లు ఎక్కువయ్యారు. అమ్మమ్మల పక్కన బుద్ధిగా జీళ్లు తింటున్న పిల్లల్ని కూడా ఎత్తుకొచ్చేశారు మరి.

క్లబ్బులో మావయ్య నేర్పిన ఆచారం ఒకటుంది. ఒకరు మాట్లాడి ఆపాక రెండోవాడు వెంటనే అందుకోకూడదు, ఒక ఊపిరి సేపు ఆగాలి. ఎక్కడో బలం చాలని సెట్టుతో, అవసరంలో ఉండి పిలుస్తున్నవాడు ఎవడైనా ఉంటే, వాడు ఆ ఖాళీలోంచి లోపలికి రావాలి. ఈ సంగతి మావయ్య చెబుతుంటే అత్తయ్య పకోడీల పళ్లెం కింద పెట్టి, "పెళ్లయిన దగ్గర్నుంచీ నేనూ ఆ ఖాళీ కోసమే చూస్తున్నానండీ" అనేది. ఆవిడది చీరాల, నేతవారి ఇల్లు. రేడియో అంటే ఆవిడకి సవతి. యాంటెన్నా తీగ మీద పంతం పట్టి తడి చీరలు ఆరేసేది. ఆ పూట మావయ్యకి ఫిన్లాండు కాదుకదా, తెనాలి కూడా అందేది కాదు.

ఇలా ఉండగా ఒక ఏడాది పెద్ద తుపాను వచ్చింది. అప్పటికే ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది గనక, హామ్ క్లబ్బంటే ముసలివాళ్ల కాలక్షేపమని అందరం నవ్వుతున్నాం. నేను ఎరువుల కంపెనీ పనిమీద ఒంగోలు వెళ్లాల్సినవాణ్ణి, బస్సులు ఆగిపోయి మావయ్య ఇంట్లో చిక్కుకున్నాను. తెల్లారేసరికి టవర్లు పడిపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు అద్దాలుగా తప్ప దేనికీ పనికిరాలేదు. జిల్లా అధికారులు జీపేసుకుని మా డాబా గదికి వచ్చారు. ఏర్పాటు ఇదీ: తీరమంతా ఉన్న హాములు బ్యాటరీల మీద ఒకే చానల్లో వస్తారు, మావయ్య దాన్ని నడిపిస్తాడు. తాగునీళ్లు, పడవలు, మందులు, ఈ కబుర్లే వెళ్లాలి. ఆయన రొమ్ము విరుచుకుని, గొంతు సవరించుకుని అందరికీ నియమం చదివాడు: సొంత కబుర్లు ఒక్కటి కూడా వద్దు, మా ఆవిడ ఎలా ఉంది, మా బర్రె ఎలా ఉంది అని అడిగినవాణ్ణి ఆ క్షణమే బయటికి పంపుతాను.

మైకుకి మీట ఒకటి ఉంటుంది. అది నొక్కి ఉంచినంతసేపూ మన మాట అందరికీ వినిపిస్తుంది, మనకి మాత్రం ఎవరి మాటా వినిపించదు. పునరావాస కేంద్రాల పేర్లు చదివీ చదివీ మావయ్య బొటనవేలు గారెలా వాచింది. ఆయన ఇంజనీరు కదా, మీట మీద రబ్బరు బ్యాండు బిగించాడు. మిర్చి శాంపిల్ పొట్లాలకి వేసే ఎర్ర బ్యాండు. చదవడం అయ్యాక దాన్ని తీయడం మర్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య ఉప్మా పళ్లెంతో మెట్లెక్కి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "ఏవండీ, చీరాల్లో మా అక్క సంగతి ఒక్క ముక్క కనుక్కోండి" అంది.

"సొంత కబుర్లు కుదరవే. పొద్దున నేనే నియమం పెట్టాను. నేనే తప్పితే రేపు నా మాట ఎవరు వింటారు?"

"ఎవరు వినాలండీ మీ మాట? వాళ్లది పల్లంలో ఇల్లు, మట్టి గోడలు. మగ్గం గుంటలోకి నీళ్లొచ్చినా చీర వదిలి లేవదు అది, నాకు తెలుసు దాని మొండితనం. గేదెలకి గడ్డి అందిందా అని అడిగారు, ఇందాక నా చెవులతో విన్నాను. గేదె పాటి చెయ్యదా మా అక్క? పెళ్లిచూపుల్లో నోరు విప్పని మనిషి, ఆ ఫిన్లాండు వాడికి జలుబు చేస్తే మాత్రం మిరియాల కషాయం చెబుతారు! షుగరుండి, నాకు తెలీకుండా గోలెం వెనక పకోడీలు తింటారే, అది ఏ నియమం?"

ఆవిడ మాటల మధ్య ఖాళీ లేదు. వెదురు బొంగులోంచి వరద వచ్చినట్టు వస్తూనే ఉంది. చివరికి, "నన్ను పెంచింది అమ్మ కాదండీ, అదే" అంది. మావయ్య తల దించుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చూశావట్రా, ఇంత తుపానులో కూడా చానల్లో ఒక్కడు నోరెత్తడం లేదు. అదీ క్రమశిక్షణంటే" అన్నాడు.

మెట్ల మీద దబదబ చప్పుడు. భాయ్. చేతిలో గొడుగు వెనక్కి తిరగబడి తామరపువ్వైంది, ఒంటి మీద పొడి పోగు లేదు. "గురువుగారూ! ఆ బ్యాండు తీయండి! మీ మైకు తెరిచే ఉంది! తీరం తీరమంతా వదినగారి మాటలే వింటోంది! పకోడీల సంగతి ఒంగోలు దాటిపోయిందండీ!"

మావయ్య బ్యాండు లాగాడు. అది తెగి ఉప్మాలో పడింది. ఇంకెవరి మాటా రానీకుండా చానల్‌కి అడ్డం కూర్చోవడం కంటే హాముకి మహాపాపం లేదు, అదీ తుపాను వేళ. ఆయన క్షమాపణ చెప్పబోయి మీట దాకా చెయ్యి తీసుకెళ్లి, అలవాటు కొద్దీ ఒక ఊపిరి ఆగాడు. ఆ ఖాళీలోంచి, వాన హోరు అడుగునుంచి, లెక్కల మాస్టారి గొంతు వచ్చింది.

"చీరాల స్టేషన్. అత్యవసర సందేశం అందింది. అక్కగారి ఇల్లు ఏ వీధో చెప్పండమ్మా. ఓవర్."

మావయ్య మైకు వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు, మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టి మీట తనే నొక్కాడు. అంతసేపు ఉరిమిన మనిషి వీధి పేరు చెప్పడానికి తడబడింది. ఆ తర్వాత గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్యలో మందులూ పడవలూ అన్నీ వాటి వరసలో వెళ్తూనే ఉన్నాయి. ఉప్మా రాయైపోయింది, ఎవరం ముట్టలేదు. మాస్టారు సెట్టు ఇంకొకరికి అప్పగించి, మోకాళ్ల లోతు నీళ్లలో తనే వెళ్లారని మాకు అప్పుడు తెలీదు.

మధ్యాహ్నానికి ఆయన గొంతు మళ్లీ వచ్చింది, పదమూడో ఎక్కం లాగే. "అక్కగారు క్షేమం. గోడ పడకముందే సగం నేసిన చీరని మగ్గం మీంచి కోసుకుని, చంటిపిల్లలా చంకనేసుకుని బడి మేడ మీదికి వచ్చేశారు. ఆవిడ సందేశం యథాతథంగా చదువుతున్నాను. 'మా చెల్లెల్ని ముందు ఆ కేకలు మాని అన్నం తినమనండి. మరిదిగారికి పకోడీలు పెట్టొద్దనండి.' ఓవర్."

"రోజర్" అనడానికి మావయ్యకి పట్టిన వ్యవధి క్లబ్బు చరిత్రలోనే అతి పెద్ద ఖాళీ. అందులోంచి ఎవరూ లోపలికి రాలేదు, అందరూ ఆయన కోసమే ఆగారు. సాయంత్రం అధికారుల పని ఒక కొలిక్కి వచ్చాక, ఆయనే తన నియమం తీసేశాడు. వీధి వీధంతా మా మెట్ల మీద వరస కట్టింది. వేటపాలెంలో కూతురు, బాపట్లలో తమ్ముడు, రేపల్లెలో తల్లి. అత్తయ్య ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూ, "ముక్కకీ ముక్కకీ మధ్య ఆగి మాట్లాడండమ్మా, అవతల ఎవరికి ఏ అవసరముందో" అని చెబుతోంది. మావయ్య అది విని, ఫిన్లాండు దేశమే వచ్చి తన ముందు మోకరిల్లినంత తృప్తిగా నవ్వాడు. తర్వాత ఆ తీగ మీద మళ్లీ తడి చీర కనిపిస్తే ఒట్టు.

మావయ్య పోయి చాలా ఏళ్లయింది. చీరాల్లో అత్తయ్య వాళ్లక్కా లేదు. అత్తయ్య ఇప్పుడు ఆ ఇంట్లో ఉండటం లేదు. గొట్టం మాత్రం ఉంది, నడుముకి కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ కట్టుకుని. మొన్న డాక్టరు దగ్గర్నుంచి వాచిన బుగ్గతో వెళ్లి, అత్తయ్య ఆ ఫోనులో చెప్పినట్టే, గాలికి ఊగకుండా దాని బోల్టులు బిగించి వచ్చాను. కిందికి దిగి ఫోను చేశాను. "గట్టిగానే ఉంది అత్తయ్యా" అన్నాను. అటునుంచి ఆ ఖాళీ. ఈ మధ్య అది కాస్త పెద్దదవుతోంది. ఎవరు పిలుస్తారని ఆగుతుందో అడగను, నేనూ ఆగుతాను. ఒక్క కాలమే మా మావయ్య క్లబ్బులో ఎన్నడూ చేరలేదు, మధ్యలో ఊపిరి కూడా వదలకుండా అలా చెప్పుకుంటూ పోతూనే ఉంది.